పదును పెట్టె

పల్లెటూళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి “పదును” అన్న మాట రెండు విధాలుగా తెలుసు. కత్తికి ఉండే పదును ఒకటి, నేలకి ఉండే పదును రెండోది. వాన వెలిశాక నేల మరీ బురదగా ఉండకూడదు, మరీ ఎండి బిగుసుకుపోనూ కూడదు. నాగలి దిగడానికి, విత్తు మొలవడానికి సరిపడా తడి ఉన్నప్పుడు రైతు “పదునుగా ఉంది” అంటాడు. అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు అయితే పని చెడుతుంది.

పొగాకు కూడా ఈ రెండో రకం పదును మీద బతికే సరుకే. బాగా ఆరిన ఆకుని మిట్టమధ్యాహ్నం పట్టుకుంటే చేతిలో పొడి అయిపోతుంది. అదే ఆకు తెల్లవారుజాము మంచుకి మెత్తబడ్డాక ఎటు మడిస్తే అటు మడుస్తుంది. మరీ ఎక్కువ తడి తగిలిందా, బూజు పడుతుంది. చుట్టిన చుట్టకీ ఇదే నియమం. ఖరీదైన సిగార్లు తాగేవాళ్ళు వాటిని పదునులో ఉంచుకోడానికి వాడే చెక్కపెట్టెని హ్యూమిడార్ అంటారు. పేరులోనే తేమ ఉంది కనక అది తేమ పుట్టించే పెట్టె అనుకుంటారు చాలామంది. నిజానికి దాని పని తేమని పుట్టించడం కాదు, మారకుండా ఆపడం. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యానికి వివరణే. దీన్ని నేను “పదును పెట్టె” అంటాను.

ఎవరికోసం, ఎక్కడ?

క్రాంజీ సింగపూరు ఉత్తరపు కొసన, జొహోర్ జలసంధికి దగ్గరగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానవాటిక వల్ల కొందరికి, 2024 దాకా నడిచిన గుర్రప్పందేల మైదానం వల్ల మరికొందరికి ఆ పేరు తెలుసు. దాని పక్కనే సుంగై కడుత్ అనే పారిశ్రామిక పేట. ఒకప్పటి మడ నేలల మీద వెలసిన ఈ పేటకి రంపపు కోత మిల్లులు, కలప గిడ్డంగులు, ఫర్నిచరు కార్ఖానాలే గుర్తింపు తెచ్చిపెట్టాయి. అక్కడ ఒక స్నేహితుడి కార్ఖానాలో సాయంత్రాలు నాకు ఒక బల్ల దొరికింది. పెట్టె పుట్టింది అక్కడే.

అది నాకు పని నేర్పిన పెద్దాయనకి కానుక. ముప్ఫై ఏళ్ళ సింగపూరు కొలువు ముగించుకుని ఆయన హైదరాబాదు వెళ్ళిపోతున్నారు. గోదావరి లంకల్లో పుట్టినాయన. వారానికి ఒక్క సిగార్, అదీ ఆదివారం సాయంత్రం. పెద్ద పని పూర్తయినప్పుడల్లా ఒకటో రెండో కొని దాచుకున్నవి ఇరవై దాకా ఉన్నాయి. వాటిలో నాలుగు కూతురి పెళ్ళినాటివి. అన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉండేవి. నవంబరు వానల్లో ఆ డబ్బా తెరిచి చూస్తే రెండింటి మీద తెల్లటి బూజు! “ఇక్కడుంటే బూజు పడతాయి, అక్కడికి తీసుకెళ్తే ఎండకి పగిలిపోతాయి. ఏం చెయ్యమంటావోయ్?” అన్నారు. పెట్టె చేసిస్తానండీ అన్నాను.

ఆయన ప్రశ్నలోనే అసలు చిక్కంతా ఉంది. పుస్తకాలలో ఉండే పద్ధతులు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు రాసినవి. చలికాలంలో వాళ్ళ ఇళ్ళలో హీటర్ల వల్ల గాలి పొడిబారుతుంది కనక పెట్టెలోకి తేమ ఎలా ఎక్కించాలో చెప్తారు. ఈ పెట్టె మాత్రం మొదటి నెల క్రాంజీలో తేమని తగ్గించాలి, ఏప్రిల్‌కల్లా హైదరాబాదులో తేమని అందించాలి. ఒకే పెట్టె రెండు పనులూ ఎలా చేస్తుందో తెలియాలంటే ముందు గాలి లెక్క తెలియాలి.

గాలి లెక్క

వాతావరణ వార్తల్లో “గాలిలో తేమ 80 శాతం” అంటారు. అంటే గాలిలో 80 పాళ్ళు నీళ్ళున్నాయని కాదు. ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టగలిగిన నీటి ఆవిరిలో 80 శాతం ఉందని అర్థం. దీన్నే సాపేక్ష ఆర్ద్రత అంటారు. వేడెక్కేకొద్దీ గాలి పట్టగలిగే ఆవిరి పెరుగుతుంది. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 17 గ్రాముల ఆవిరి పట్టగలదు. 24 డిగ్రీల దగ్గర 22 గ్రాములు, 28 దగ్గర 27 గ్రాములు, 38 దగ్గర 46 గ్రాములు. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు.

ఇప్పుడు క్రాంజీ సంగతి చూద్దాం. సింగపూరులో ఏడాది పొడుగునా సగటు ఉష్ణోగ్రత 28 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ, సగటు ఆర్ద్రత 80 శాతం పైచిలుకు. తెల్లవారేసరికి అది 90 దాటుతుంది, వాన లేని మధ్యాహ్నం 60 దాకా దిగుతుంది. 28 డిగ్రీల దగ్గర 80 శాతం అంటే ఘనపు మీటరుకి దాదాపు 22 గ్రాముల ఆవిరి. ఇదే గాలిని ఏసీ గదిలోకి తెచ్చి 24 డిగ్రీలకి చల్లబరిస్తే? ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టగలిగింది కూడా 22 గ్రాములే. అంటే ఆర్ద్రత నూటికి నూరు! బయటినుంచి వచ్చిన కళ్ళజోడు కాదు గాని, ఏసీ గదిలోంచి బయటికెళ్ళిన కళ్ళజోడు మసకబారేది ఇందుకే. చల్లటి అద్దం చుట్టూ ఉన్న పలుచటి గాలి పొర చల్లబడి, పట్టలేని నీటిని అద్దం మీదే వదిలేస్తుంది.

హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం దీనికి తారుమారు. 38 డిగ్రీల ఎండ, 25 శాతం ఆర్ద్రత అనుకుందాం. ఘనపు మీటరుకి 11 గ్రాముల చిల్లర ఆవిరి. ఆ గాలిని ఇంట్లో 28 డిగ్రీలకి చల్లార్చినా ఆర్ద్రత 42 శాతం దగ్గరే ఆగుతుంది.

మరి చుట్టకి ఎంత కావాలి? మామూలుగా 65 నుంచి 70 శాతం మధ్య అంటారు. అంతకన్నా బాగా తగ్గితే పైఆకు పెళుసెక్కి చీలుతుంది, పొగ వేడిగా ఘాటుగా వస్తుంది. 75 దాటి అలాగే ఉంటే బూజుకి ఆహ్వానం. మనలాంటి వేడి దేశాల్లో 65 దగ్గర నిలపడమే క్షేమం, ఎందుకంటే బూజుకి అది పది మెట్లు దిగువ.

నీళ్ళు ఎక్కడున్నాయి?

ఇక్కడొక చిన్న లెక్క చేద్దాం. నా పెట్టె లోపలి కొలతలు 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 12 లోతు. అంటే 7.2 లీటర్లు. 24 డిగ్రీలు, 70 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు ఇందులోని గాలిలో ఉండే నీరు ఎంత? 0.11 గ్రాములు. కంట్లో మందు వేసుకునే గొట్టంతో రెండు చుక్కలు.

ఇప్పుడు లోపలి గోడలకి తొడిగే చెక్కపొర సంగతి. 6 మిల్లీమీటర్ల మందాన ఆరు వైపులా తొడిగితే తడి లేకుండా తూచినప్పుడు దాని బరువు దాదాపు 580 గ్రాములు. చెక్క ఎండినట్టు కనిపించినా ఎప్పుడూ కొంత నీటిని పట్టుకునే ఉంటుంది. చుట్టూ ఆర్ద్రత 50 శాతం ఉంటే తన పొడి బరువులో సుమారు 9 శాతం, 70 ఉంటే 13 శాతం, 80 ఉంటే 16 శాతం. కనక 70 శాతం దగ్గర ఈ పొరలో ఉండే నీరు 75 గ్రాములు. గాలిలో రెండు చుక్కలు, చెక్కలో చిన్న టీగ్లాసుడు!

పెట్టె రహస్యమంతా ఇదే. మూత తెరిచినప్పుడు లోపలి గాలి మొత్తం పోయి బయటి గాలి వచ్చినా తేడా ఒక చుక్క. ఆ చుక్కని చెక్క ఇస్తుంది, లేదా పుచ్చుకుంటుంది. చెక్క తేమ 13 నుంచి 9 శాతానికి దిగాలంటే 23 గ్రాముల నీరు పోవాలి, అది ఒక్కో చుక్కగా పోవడానికి చాలా కాలం పడుతుంది. ఊరికి చెరువు ఎలాగో పెట్టెకి చెక్క అలాగ. ప్లాస్టిక్ డబ్బాకి ఈ చెరువు లేదు. సరిగ్గా బిగియని మూత సందుల్లోంచి వచ్చిన తేమని తాగగలిగినవి అందులో చుట్టలు మాత్రమే. అందుకే అవి తాగాయి, బూజు పట్టాయి.

వేపవారి బంధువులు

చెరువు సరే, ఏ చెక్కతో? క్రాంజీ అన్న పేరే ఒక చెట్టుది. మలయ్ భాషలో కెరాంజీ అంటారు. మన చింతకి బంధువు. నల్లటి మఖమలు పెంకు లోపల పుల్లటి తియ్యటి గుజ్జు ఉంటుంది. ఊరి పేరు పెట్టుకుందామంటే దాని కలప బరువైనది, పైగా ఇసుకలో ఉండే సిలికా దాని కణాల్లో పేరుకుని రంపం పళ్ళని మొద్దుబారుస్తుంది. పేరుకి దణ్ణం పెట్టి పక్కన పెట్టాను.

హ్యూమిడార్లకి ఆనవాయితీగా వాడేది స్పానిష్ సెడార్. ఈ పేరులో రెండు అబద్ధాలున్నాయి. అది స్పెయిన్‌ది కాదు, సెడార్ అంటే దేవదారు, అదీ కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే సెడ్రెలా అనే చెట్టు. కుటుంబం చూస్తే మన వేప కుటుంబం. మహాగనీ కూడా ఆ ఇంటిదే. మన నందివృక్షం దీనికి మరీ దగ్గర చుట్టం, ఒకప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని కూడా సెడ్రెలా అనే పిలిచేవారు. మన దేశంలో నందివృక్షం కలపతో టీ పెట్టెలు, చుట్టపెట్టెలు చేసిన కాలం ఉంది.

సెడ్రెలాని ఎందుకు ఎంచుకున్నారంటే మూడు కారణాలు. తేలికగా ఉండి తేమని త్వరగా ఇచ్చిపుచ్చుకుంటుంది, తేమకి మరీ వంకరపోదు, దాని సువాసన పొగాకుకి నప్పుతుంది, పురుగులకి నచ్చదు. అడవుల్లో తరిగిపోతున్నందున అమెరికా ఖండాల సెడ్రెలా వ్యాపారం 2020 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద అనుమతి పత్రాలతోనే సాగుతోంది. కార్ఖానాలో పాత పని తాలూకు కోత ముక్కలు మిగిలి ఉంటే లోపలి పొరకి అవే సరిపెట్టాను. పలుచటి పొరకి పెద్ద దుంగ అక్కర్లేదు.

బయటి పెట్టెకి ఆఫ్రికా మహాగనీ. పేరు చూసి ఆఫ్రికా నుంచి తెప్పించాననుకోకండి. సింగపూరు రోడ్ల పక్కన నీడకోసం నాటిన పెద్ద చెట్లలో ఇదొకటి. ముసలివై, పడిపోతాయన్న భయంతో కొట్టేసిన చెట్లని కోయించి పలకలు చేసి అమ్మేవాళ్ళున్నారు. పెద్దాయన ముప్ఫై ఏళ్ళు ఏ చెట్ల నీడన బస్సెక్కారో అలాంటి చెట్టు చెక్క ఆయనతో వెళ్ళడం బాగుంటుందనిపించింది. అదీ వేప కుటుంబమే!

చెక్క ఊపిరి

చెక్క తేమ పీలిస్తే ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. పొడవునా, అంటే నార వెంట, దాదాపు కదలదు. వెడల్పునా కదులుతుంది. పచ్చిగా ఉన్నప్పటినుంచి పూర్తిగా ఎండేదాకా ఆఫ్రికా మహాగనీ ముడుచుకునేది వలయాల వెంట 4.5 శాతం, వలయాలకి అడ్డంగా 2.5 శాతం. మనకి కావలసింది అందులో ఒక భాగం. చెక్క తేమ 30 శాతం దగ్గరనుంచే ముడుచుకోవడం మొదలవుతుంది. క్రాంజీలో 15 శాతం తేమ ఉన్న చెక్క హైదరాబాదు వేసవిలో 7కి దిగిందనుకుందాం. 8 ని 30 తో భాగించి 4.5 శాతంతో గుణిస్తే 1.2 శాతం.

వినడానికి చిన్న అంకె. మూత పైపలకని 24 సెంటీమీటర్ల వెడల్పున ఒకే చెక్కతో చేసి నాలుగు వైపులా జిగురు పెట్టి బిగించామనుకోండి. ఆ పలక దాదాపు 3 మిల్లీమీటర్లు ముడుచుకోవాలనుకుంటుంది, చుట్టూ ఉన్న చట్రం ఒప్పుకోదు. అప్పుడు పలక నిలువునా చీలుతుంది, లేదా మూల అతుకు ఊడుతుంది. సింగపూరులో కొన్న టేకు బీరువాలు మన ఊళ్ళో మొదటి వేసవికే టప్పుమని పగిలే శబ్దం విన్నవాళ్ళకి ఇది కొత్త కాదు.

అందుకని నాలుగు జాగ్రత్తలు తీసుకున్నాను.

ఒకటి, నాలుగు గోడల చెక్కకీ నార అడ్డంగా, పెట్టె చుట్టూ తిరిగి వచ్చేట్టు పెట్టాను. ముడుచుకుంటే నాలుగూ ఎత్తులోనే, ఒకేలా ముడుచుకుంటాయి. మూలల్లో 45 డిగ్రీల కోత కోసి, జిగురుతో అతికి, అతుకుకి అడ్డంగా చిన్న చెక్క బిళ్ళలు దిగేశాను. ఆ బిళ్ళలే బలం.

రెండు, పైపలకకీ అడుగుకీ ప్లైవుడ్ వాడి మీద మహాగనీ రేకు అతికాను. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కనక ఏ పొర కదలబోయినా పక్క పొర పట్టి ఆపుతుంది. చూడ్డానికి చెక్క, కదలికలో రాయి. దీన్ని తక్కువరకం పని అనుకునేవాళ్ళున్నారు గాని, మంచి పెట్టెలు చేసేవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు.

మూడు, పెట్టెని ఆరు వైపులా మూసి అతికాక, రంపం బల్ల మీద చుట్టూ కోసి మూతని వేరు చేశాను. మూత, పెట్టె విడివిడిగా చేస్తే అంచులు కలవడం కష్టం. ఒకే పెట్టెని కోస్తే అవి పుట్టుకతోనే కలుస్తాయి.

నాలుగు, లోపలి సెడ్రెలా పొరకి జిగురు వెయ్యలేదు. ముక్కలని ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలిచేట్టు బిగువుగా కోసి దింపాను. లోపలి చెక్క 65 శాతం ఆర్ద్రతలో ఉంటుంది, బయటి చెక్క ఊరి గాలిలో ఉంటుంది. రెండింటినీ అతికితే ఒకటి లాగుతుంటే ఒకటి తోస్తుంది. విడిగా ఉంటే ఎవరి ఊపిరి వాళ్ళది. ఈ పొర గోడలకన్నా 5 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది, మూత దిగేటప్పుడు దాని చుట్టూ జారి కూర్చుంటుంది. గాలిని ఆపేది ఈ పెదవే. మూతని రెండంగుళాల ఎత్తునుంచి వదిలితే టక్కున పడకూడదు, లోపలి గాలి దిండులా అడ్డుకుని మెల్లగా దిగాలి. ఒక కాగితం ముక్కని అంచులో పెట్టి మూసి లాగితే కొంచెం పట్టుకున్నట్టు రావాలి.

లోపల రంగు, వార్నిష్ ఏదీ తగలకూడదు. అక్కడ పూత వేస్తే చెరువుకి మూత వేసినట్టే. బయట మాత్రం పూత తప్పనిసరి. నేను లక్క వాడాను. ఏటికొప్పాక బొమ్మలకి నిగారింపు తెచ్చే లక్కే, పెచ్చులుగా దొరికితే ఆల్కహాలులో కరిగించి గుడ్డ ఉండతో పలుచగా పూస్తారు. అయిదారు పూతలు వేసి మీద మైనం రుద్దాను. లక్క నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు గాని బాగా నెమ్మదింపజేస్తుంది. వానొచ్చిందని రాత్రికి రాత్రి ఉబ్బకుండా చెక్కకి గడువు ఇస్తుంది.

ఉప్పు చెప్పే నిజం

పెట్టెలో ఆర్ద్రత ఎంతుందో చెప్పడానికి ఒక ఆర్ద్రతామాపకం కావాలి. అగ్గిపెట్టెంత డిజిటల్ పరికరాలు చవగ్గా దొరుకుతాయి. చిక్కేమిటంటే ఒకటి 66 అంటుంది, పక్కది 72 అంటుంది. ఏది నిజం? దీనికి మన వంటింట్లోనే న్యాయాధిపతి ఉన్నాడు.

వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం అందరికీ తెలుసు. ఉప్పు ఎప్పుడు చెమ్మగిల్లుతుంది? గాలిలో ఆర్ద్రత 75 శాతం దాటితే. అంతకన్నా ఎక్కువుంటే ఉప్పు గాలిలోంచి నీటిని లాగుతుంది, తక్కువుంటే తన దగ్గరున్న నీటిని వదులుతుంది. కాబట్టి తడి ఉప్పుని చిన్న చోట మూసిపెడితే ఆ చోట గాలి సరిగ్గా 75 దగ్గర నిలుస్తుంది. మనుషులు ఉండే గది ఉష్ణోగ్రతల్లో ఈ అంకె దాదాపు మారదు. ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, బురదలా అయ్యేలా కొద్ది చుక్కల నీళ్ళు కలిపి, పరికరంతో పాటు జిప్ సంచిలో మూసి ఒక రోజు వదిలెయ్యండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. మర్నాడు పరికరం 78 చూపిస్తే అది మూడు ఎక్కువ చెప్తోందని రాసుకోండి.

హ్యూమిడార్లలో పెట్టే రెండువైపుల తేమ పొట్లాలు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొర లోపల ఉప్పు ద్రావణం ఉంటుంది. ఉప్పుల రకం మారితే నిలిచే అంకె మారుతుంది. 65, 69, 72 అని అంకెలు ముద్రించి అమ్ముతారు. తేమ ఎక్కువైతే తాగుతాయి, తక్కువైతే ఇస్తాయి. క్రాంజీకీ హైదరాబాదుకీ ఒకే మందు. పాత పద్ధతిలో వాడే తడి స్పాంజి ఇవ్వడమే గాని పుచ్చుకోదు, మన వాతావరణంలో దానితో ప్రమాదం. సిలికా జెల్ పుచ్చుకోవడమే గాని ఆపదు. నేను 65 పొట్లాలు రెండు పెట్టాను.

అయితే పొట్లాల మీద భారం వేసేముందు చెక్కని పదునుకి తేవాలి. చలిదేశాల్లో కొత్త పెట్టెలో రెండు వారాలు నీళ్ళ గిన్నె పెట్టి చెక్కకి తాగిస్తారు. క్రాంజీలో షెడ్డులో ఉన్న చెక్కకి ఆ పని అక్కర్లేదు, అది ముందే 16 శాతం తాగి కూర్చుంది. ఇక్కడ చెయ్యవలసింది ఆరబెట్టడం. లోపలి పొర ముక్కల్ని కోతకి ముందు ఏసీ గదిలో పరిచి, రోజూ వంటింటి త్రాసు మీద తూచాను. పొర మొత్తం మీద 20 గ్రాముల దాకా తగ్గాక బరువు నిలకడకి వచ్చింది. అప్పుడే కోసి బిగించాను. ఇదే ఈ ఊరికీ పుస్తకాలకీ ఉన్న ముఖ్యమైన తేడా.

పురుగుల సంగతి కూడా ఒక మాట. పొగాకులో ఒక బుల్లి పెంకుపురుగు గుడ్లు పెడుతుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ దానికి స్వర్గం, అంటే దాదాపు సింగపూరు. పెద్దాయన చుట్టల్ని బూజు పట్టినవి తీసేసి, మిగిలినవి సంచిలో గాలి తగలకుండా మూసి ఫ్రీజర్‌లో నాలుగు రోజులు, తర్వాత ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి, అప్పుడు పెట్టెలోకి మార్చాం. ఫ్రీజర్‌లోంచి తిన్నగా వేడి గదిలోకి తెస్తే ఆకు చిట్లుతుంది.

లంక నుంచి బేకర్ వీధి దాకా

ఇంత తతంగం విదేశీ సరుకుకేనా అని మీరు అడగవచ్చు. మన చుట్టకీ పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లీషువాళ్ళు వాడే “చెరూట్” అన్న మాట తమిళ “సురుట్టు” నుంచి పోయింది, మన చుట్టలాగే చుట్టడం అన్న అర్థమే. గోదావరి లంకల్లో వరద తెచ్చిన ఒండ్రు మట్టిలో పండిన పొగాకు ఘాటుకి పేరు. ఆ చుట్టలు లంక పేరుతోనే ఇంగ్లండు దాకా వెళ్ళాయి. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్, బూడిదని బట్టి చుట్ట రకాన్ని పోల్చడం గురించి చెప్తూ ఉదాహరణగా తీసుకున్నది ఈ లంక చుట్టనే. ఈ సంగతి చెప్తే పెద్దాయన చాలాసేపు నవ్వారు. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థని రాజమండ్రిలో పెట్టడానికీ ఈ ప్రాంతపు పొగాకే కారణం.

రెండో వైపు కూడా చెప్పకపోతే వ్యాసం అబద్ధమవుతుంది. సిగార్ పొగ గుండెల్లోకి పీల్చం కదా, ఫరవాలేదు అనుకోవడం పొరపాటు. నోటికి, గొంతుకి, అన్నవాహికకి క్యాన్సరు రావడానికి ఆ పొగ నోట్లో ఉంటే చాలు. ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు వల్ల అంగిలికి వచ్చే జబ్బుల మీద, ఆంధ్ర పల్లెల్లో పదివేల మందికి పైగా పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే వెలువడింది. సింగపూరులో 2021 నుంచి 21 ఏళ్ళు నిండనివాళ్ళకి పొగాకు అమ్మకూడదు. నేను తాగను. తాగేవారికి పెట్టె చేసివ్వడం సబబేనా అని నన్ను నేను అడగకపోలేదు. వారానికి ఒకటి తాగే డెబ్బైకి దగ్గరపడ్డ మనిషికి నేను నీతులు చెప్పలేను. కాని ఆ పెట్టె ఇంకో పనికి కూడా వచ్చేట్టు చెయ్యగలను. లోపలి అరలు ఊడి వస్తాయి. సెడ్రెలా పొరకి జిగురు లేదు కనక అదీ మార్చవచ్చు. పొట్లం 65 బదులు 49 పెడితే వెదురు వేణువులకి, చిన్న చెక్క వాయిద్యాలకి సరైన ఇల్లు. ఆయన మనవరాలు వేణువు నేర్చుకుంటోంది. కెమెరా లెన్సులు, పాత ఫోటోలు మాత్రం ఇందులో వద్దు. సెడ్రెలా వదిలే జిగట ఆవిరులు వాటికి మంచివి కావు.

జనవరిలో పెట్టె విమానమెక్కింది. మే నెలలో హైదరాబాదు నుంచి ఆయన ఫోనులో చదివి చెప్పిన అంకె 64. మూత అంచులో కాగితం పట్టుకుంటోందా అని అడిగితే, “పట్టుకుంటోంది గాని, పైఅతుకు దగ్గర వెంట్రుకంత సందు కనిపిస్తోంది” అన్నారు. అది బయటి మహాగనీ గోడ ముడుచుకున్న జాడ. వానలు పడ్డాక పూడుతుంది, పెదవి లోపలి పొరది కనక తేమకి ఇబ్బంది లేదు అని చెప్పాను.

మీరూ ఇలాంటిదేదైనా చేద్దామనుకుంటే, అది చుట్టలకి కానివ్వండి, తాళపత్రాలకి కానివ్వండి, పట్టుచీరలకి కానివ్వండి, చెక్క కొనడానికి ముందు మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోండి. లోపలి వస్తువుకి ఎంత తేమ కావాలి? పెట్టె చేసే ఊళ్ళో గాలి ఎలాంటిది? పెట్టె బతకబోయే ఊళ్ళో గాలి ఎలాంటిది? రంపానికి ముందు ఉప్పు, త్రాసు సిద్ధం చేసుకోండి. ఉలికి పదును పెట్టడం ఎవరైనా నేర్పుతారు, చెక్కకి పదును తెలుసుకోవడమే అసలు పనితనం.